చాక్లెట్ కాస్మోస్: గింజ కాదు, దుంపే ఆధారం

చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు చేరిన ఆస్టరేసి కుటుంబంలో అరుదైన మొక్క చాక్లెట్ కాస్మోస్. శాస్త్రీయ నామం కాస్మోస్ ఆట్రోసాంగ్వినియస్. ముదురు మెరూన్ రంగు పువ్వు, మధ్యాహ్నం వేళ చాక్లెట్‌ను గుర్తుచేసే వాసన. దీన్ని పెంచడం, పిల్లమొక్కలు తీయడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: చాక్లెట్ కాస్మోస్ అని రాసి ఉన్న విత్తనాల ప్యాకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. వారంలో మొలిచాయి, బాగా ఎదిగాయి. పూసినవి మాత్రం గులాబీ, ముదురు ఎరుపు పువ్వులు. వాసన ఏమీ లేదు. నా పెంపకంలో లోపమా?

జవాబు: లోపం ప్యాకెట్‌లోనే ఉంది. మీకు వచ్చింది మామూలు తోట కాస్మోస్, అంటే కాస్మోస్ బైపిన్నేటస్ అనే వేరే జాతి. అందులోనూ ముదురు రంగు రకాలు ఉన్నాయి కాబట్టి వాటి గింజలను ఈ పేరుతో అమ్మేస్తుంటారు.

అసలు మొక్క స్వస్థలం మెక్సికో. 19వ శతాబ్దంలో అక్కడి నుంచి యూరప్ తోటలకు చేరింది. 1861లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త విలియం హుకర్ దీన్ని వర్ణించినప్పుడు కాస్మోస్ డైవర్సిఫోలియస్ అనే జాతిలో ఒక రకంగానే లెక్కవేశాడు. వేరే జాతిగా తరువాత గుర్తించారు. ఆపైన తోటల్లో మిగిలినవి దాదాపు అన్నీ ఒకే మొక్క నుంచి దుంపలు విడదీసి, కొమ్మలు నాటి పెంచుకుంటూ వచ్చినవే. ఈ జాతికి తన పుప్పొడి తనకు పనికిరాదు. ఒకే మొక్క నకళ్ళు వంద పక్కపక్కన పెట్టినా పుప్పొడి పరంగా అవన్నీ ఒక్కటే కాబట్టి గింజ కట్టదు. అడవిలో పూర్తిగా అంతరించిపోయిందని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. అది నిజం కాదు. మధ్య మెక్సికోలోని గ్వానహువాతో, కెరెతారో, సాన్ లూయిస్ పొటోసి ప్రాంతాల కొండ అడవుల్లో ఇప్పటికీ ఉంది. కానీ తోటల్లో తిరిగే మొక్కకు మాత్రం దుంప, కొమ్మ తప్ప వేరే దారి దాదాపు లేదు. అందుకే, చవగ్గా గుప్పెడు గింజలు ఇస్తామనేవారిని ముందు అనుమానించండి.

ఆకు చూస్తే తేడా తెలిసిపోతుంది. బైపిన్నేటస్ ఆకు సన్నని పోగులుగా చీలి ఉంటుంది. చాక్లెట్ కాస్మోస్ ఆకు వెడల్పాటి ముక్కలుగా చీలి, డాలియా ఆకుకు దగ్గరగా ఉంటుంది. పూకాడ సన్నగా, పొడుగ్గా, ఎర్రటి గోధుమ ఛాయలో ఉంటుంది. పువ్వు వెడల్పు సుమారు 4 సెం.మీ., మొక్క ఎత్తు 60 నుంచి 75 సెం.మీ. ఇంకా అనుమానం తీరకపోతే సీజన్ చివర ఒక మొక్క పీకి చూడండి. బైపిన్నేటస్‌కు పీచువేళ్ళు మాత్రమే ఉంటాయి, దీనికి చిన్న డాలియా గుత్తిలాంటి దుంపలు ఉంటాయి.

ప్రశ్న: దుంప తెచ్చుకున్నాను. ఎండిన వేలి ముక్కల్లా నాలుగైదు కలిసి ఉన్నాయి. ఎలా నాటాలి? మట్టి ఎలా ఉండాలి?

జవాబు: ముందు దుంపల గుత్తి పైభాగం చూడండి. పాత కాండం మోడు, దాని చుట్టూ ఉన్న మెడ భాగమే మొక్కకు ప్రాణం. మొలకలు అక్కడి నుంచే వస్తాయి. ఆ భాగం గట్టిగా ఉంటే, కింది దుంపలు కొంచెం ముడతలు పడినా ఫర్వాలేదు. ముడతలు మరీ ఎక్కువగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో ఒక గంట ఉంచి తీయండి. రాత్రంతా నానబెట్టవద్దు.

మట్టి మిశ్రమం: రెండు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక పాలు బాగా మాగిన కంపోస్టు, ఒక పాలు పెర్లైట్ (నీరు నిలవకుండా చేసే తేలికైన తెల్లని గుళికలు) లేదా ముతక ఇసుక. ఇసుక సన్నదైతే వేయకపోవడమే మేలు, అది రంధ్రాలు పూడ్చి మట్టిని గట్టిపరుస్తుంది. కోకోపీట్‌లో ఉప్పు ఉండవచ్చు కాబట్టి రెండు మూడుసార్లు మంచినీళ్ళలో కడిగి పిండాకే వాడండి. మొదటి కుండీ దుంపల గుత్తి కన్నా రెండు మూడు సెం.మీ. వెడల్పు ఉంటే చాలు. పెద్ద కుండీలో వేళ్ళు అందని మట్టి తడిగానే ఉండిపోయి దుంప కుళ్ళుతుంది. వేళ్ళు నిండాక 20 నుంచి 25 సెం.మీ. కుండీకి మార్చండి.

మెడ భాగం పైకి ఉండేలా పెట్టి, దాని మీద 2 నుంచి 3 సెం.మీ. మట్టి కప్పండి. నాటిన రోజు ఒకసారి తడపండి. ఆ తరువాత మొలక కనిపించేదాకా, పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే కొద్దిగా నీళ్ళు. ఆకు లేని మొక్క నీళ్ళు తాగదు, పోసినదంతా దుంప చుట్టూనే ఉంటుంది. నాటిన దుంపల్లో ఎక్కువ చచ్చేది ఈ దశలోనే, అతిగా తడపడం వల్లే.

నేలలో నాటేవారు వాలు ఉన్న చోటో, ఎత్తు చేసిన మడిలోనో నాటాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. తీవ్రమైన వేసవి ఉండే చోట ఉదయం ఎండ, మధ్యాహ్నం పలుచని నీడ దొరికే స్థలం వెతకండి. ఇది కొండ ప్రాంతపు మొక్క. ఎండకు కాదుగానీ, రాత్రిళ్ళు కూడా చల్లబడని వేడికి నీరసపడుతుంది.

ప్రశ్న: నాటి నెల దాటింది. మొలక లేదు. తవ్వి చూడమంటారా?

జవాబు: తవ్వకండి. ఇది తోటలో ఆలస్యంగా నిద్ర లేచే మొక్క. మట్టి వెచ్చదనం 15 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కదలదు. చలి ప్రాంతాల్లో వసంతం అంతా గడిచి వేసవి మొదట్లో మొలక రావడం మామూలే. చచ్చిపోయిందనుకుని పారేసిన దుంపల్లో చాలావరకు బతికున్నవే. చూడక తప్పదనుకుంటే, మెడ దగ్గర పైమట్టిని వేలితో కాస్త జరిపి నొక్కండి. గట్టిగా ఉంటే మళ్ళీ కప్పి, కుండీని 18 నుంచి 20 డిగ్రీలు ఉండే చోటికి మార్చండి. మెత్తగా, పులిసిన వాసనతో ఉంటే ఆశ లేదు. మొలక నేల దాటిన వారం రోజులూ నత్తల మీద కన్నేసి ఉంచండి. లేత మొలకను రాత్రికి రాత్రే మొదటంటా కొరికేస్తాయి, మీరేమో మొలకే రాలేదనుకుంటారు.

ప్రశ్న: బంగాళాదుంప ముక్కలు నాటినట్టు దీని దుంపలు విడదీసి ఒక్కొక్కటి నాటాను. ఆరు ముక్కల్లో ఒకటే మొలిచింది. మిగతావి తవ్వితే గట్టిగానే ఉన్నాయి. ఎందుకు మొలవలేదు?

జవాబు: బంగాళాదుంప నిజానికి కాండం, దాని ఒంటినిండా కళ్ళుంటాయి. చాక్లెట్ కాస్మోస్ దుంప ఉబ్బిన వేరు, దాని మీద కన్ను ఉండదు. కళ్ళన్నీ మెడ మీదే. మెడ ముక్క అంటుకుని లేని దుంప నెలల తరబడి గట్టిగా ఉంటుంది, కొత్త పీచువేళ్ళు కూడా వేయవచ్చు, కానీ మొలక రాదు. మీ ఆరింటిలో మొలిచిన ఒక్కదానికే మెడ ముక్క వచ్చి ఉంటుంది.

విడదీయడానికి సరైన సమయం కళ్ళు కనిపించాకే. దుంపను వెచ్చని చోట, కొద్దిపాటి తడి ఉన్న కోకోపీట్‌లో మెడ బయటికి ఉండేలా కూర్చోబెట్టండి. మొలకలు 1 నుంచి 2 సెం.మీ. రాగానే బయటికి తీసి, స్పిరిట్‌తో తుడిచిన పదునైన కత్తితో మెడను నిలువుగా కోయండి. ప్రతి ముక్కకూ ఒక మొలక, దాని కింద కనీసం ఒక దుంప, ఆ రెండింటి మధ్య మెడ చెక్కుచెదరకుండా ఉండాలి. మెడ దగ్గర చిట్లి వేలాడే దుంపను ఉంచుకుని లాభం లేదు, ఆ పగులు నుంచే కుళ్ళు మొదలవుతుంది. కోసిన చోట కాప్టాన్ వంటి శిలీంద్రనాశిని పొడి పలుచగా అద్ది, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి నాటండి. చిన్న గుత్తిని నాలుగు ముక్కలు చేయాలని ఆశపడకండి. రెండు చాలు. ఎక్కువ మొక్కలు కావాలంటే కొమ్మలే నయం.

ప్రశ్న: కొమ్మలు నాటితే కొన్ని మొదలు దగ్గర నల్లబడి పోయాయి. కొన్ని వేళ్ళూని, పువ్వు కూడా పూసి, చలికాలం తరువాత మళ్ళీ రానేలేదు. ఎక్కడ పొరపాటు?

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. రెండోది పెద్దది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఈ మొక్క పగలు పొడుగ్గా ఉన్నప్పుడు పువ్వులకు మొగ్గు చూపుతుంది. పగలు కురచ అవుతుంటే దుంపలు ఊరించుకుంటుంది. వేసవి చివర నాటిన కొమ్మ వేళ్ళూనుతుందిగానీ, దుంప ఊరేంత ఆకు సమకూర్చుకోకముందే చలి వచ్చేస్తుంది. ఆకులు రాలాక మట్టిలో మిగిలేవి పీచువేళ్ళే, వాటికి వచ్చే ఏడాది మొలకెత్తే సత్తా ఉండదు. కాబట్టి కొమ్మలు సీజన్ మొదట్లోనే తీయాలి. దుంప ఊరడానికి ముందు మూడు నాలుగు నెలల గట్టి ఎదుగుదల దొరకాలి. మొదటి ఏడాది మొక్కకు పువ్వుల మీద ఆశ తగ్గించుకుని, తొలి మొగ్గలు తుంచేస్తే ఇంకా మంచిది.

ఇంకో కారణం కూడా ఉండవచ్చు. కొమ్మ నాటినప్పుడు కనీసం ఒక కణుపు మట్టిలోపల ఉండాలి. వచ్చే ఏడాది మొలకలు ఆ కణుపు దగ్గరి మొగ్గల నుంచే రావాలి. కణుపుకు కిందనున్న నున్నని కాండమే మట్టిలో ఉంటే, దుంప ఊరినా అది కన్ను లేని గుడ్డిదుంప అవుతుంది. డాలియా పెంచేవారికి ఈ బాధ బాగా తెలుసు.

ఇక పద్ధతి. తల్లి దుంపను మామూలు కన్నా ముందుగా, 15 నుంచి 18 డిగ్రీల వెచ్చదనంలో, మంచి వెలుతురులో లేపండి. మొలకలు 7 నుంచి 8 సెం.మీ. ఎదిగి, రెండు మూడు జతల ఆకులు వేసినప్పుడు, మెడను ఆనుకుని, అడుగున చిన్న మెడ ముక్కతో సహా కోయండి. అంతకన్నా పొడుగైతే కాండం లోపల బోలుపడి వేరు పట్టదు. అన్ని మొలకలూ కోసేయకుండా రెండింటిని తల్లికి వదలండి. కింది జత ఆకులు తీసేసి, పై ఆకులు పెద్దవైతే సగానికి కత్తిరించండి. మొదలును 0.1 శాతం ఐబీఏ (వేళ్ళు పుట్టించే హార్మోన్) ఉన్న వేరు పొడిలో అద్ది, అంటుకున్న అదనపు పొడిని దులపండి. పొడి ఎక్కువైతే లేత కాండం మాడుతుంది.

సగం కోకోపీట్, సగం పెర్లైట్. ఎరువు ఏమీ వద్దు. తడిపి, గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే పడేంత తడి ఉంచండి. ముందు పుల్లతో రంధ్రం చేసి అందులో కొమ్మ దించండి, నేరుగా గుచ్చితే మొదలు నలిగి, వేరు పొడి పైనే రాలిపోతుంది. అడుగు మట్టి 20 డిగ్రీల దగ్గర ఉండాలి. పారదర్శకమైన సంచి కప్పి, అది ఆకులకు అంటకుండా పుల్లలతో ఎత్తిపట్టండి. రోజూ పది నిమిషాలు తెరవండి. నేరుగా ఎండ పడకూడదు, చీకటి మూలా పనికిరాదు.

మీ కొమ్మలు నల్లబడింది మొదలు దగ్గర కాబట్టి తడి ఎక్కువై ఉండాలి, లేదా కత్తి శుభ్రంగా లేదు. ఆకుల నుంచి మొదలై బూడిదరంగు బూజు కనిపిస్తే గాలి ఆడలేదని అర్థం. రెండో రోజు వాడినట్టు తలవాల్చడం సహజమే, అది చూసి నీళ్ళు పోస్తేనే చేటు. రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త ఆకు కదులుతుంది. మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది. అప్పుడు సంచిని వారం పాటు రోజురోజుకూ ఎక్కువసేపు తీసి ఉంచి అలవాటు చేసి, 8 నుంచి 9 సెం.మీ. కుండీలకు మార్చండి. పూకాడల నుంచి తీసిన కొమ్మలతో కాలం వృథా; వాటి శక్తి అంతా మొగ్గ మీదే.

ప్రశ్న: మొక్క గుబురుగా ఉంది, పువ్వులు తక్కువ. పూసినవాటికీ వాసన అంతంతమాత్రం.

జవాబు: నత్రజని ఎక్కువైంది. పేడ ఎరువులు, ఆకుకు బలమిచ్చే ద్రవాలు ఆపి, మొగ్గలు కనిపించినప్పటి నుంచి రెండు వారాలకోసారి పొటాష్ ఎక్కువున్న ద్రవ ఎరువు, చీటీ మీద చెప్పిన మోతాదులో సగం ఇవ్వండి. వాడిన పువ్వును తల దగ్గర తుంచకుండా, కాడ పుట్టిన ఆకు మొదలు దాకా కత్తిరిస్తే అక్కడి నుంచే కొత్త కాడ వస్తుంది. వాసన వేడితో ముడిపడిన వ్యవహారం. పొద్దున్నే, మబ్బు రోజున దాదాపు ఉండదు. వెచ్చని, గాలి తక్కువున్న మధ్యాహ్నం ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది. వెనిలాను గుర్తుచేసే వెనిలిన్ కూడా అందులో ఒక భాగం. ప్రకటనల్లో రాసినట్టు తోటంతా గుబాళించదు. ఇంకొక మాట, కాస్మోస్ సల్ఫ్యూరియస్‌తో కలిపి తీసిన సంకరాలు కూడా ఉన్నాయి. రంగు బాగుంటుంది, దృఢమైనవి, వాసనలో మాత్రం అసలుదాని సాటి రావు.

ప్రశ్న: విశ్రాంతి కాలంలో దుంపను తవ్వి దాచాలా, కుండీలో వదిలేయాలా?

జవాబు: మీ చోట నేల గడ్డకట్టేంత చలి ఉందా, ఆ కాలంలో వాన పడుతుందా అన్నదాన్నిబట్టి ఉంటుంది. నీరు ఇంకే నేలలో, పైన 10 నుంచి 15 సెం.మీ. ఎండాకు కప్పితే సుమారు మైనస్ 5 డిగ్రీల దాకా తట్టుకోగలదు. అయితే చలికి చచ్చేదానికన్నా చలిలో తడికి చచ్చేది ఎక్కువ. మీది బంకమట్టి అయితే ఆలోచించకుండా తవ్వేయండి.

తొలి మంచుకు ఆకులు నల్లబడ్డాక, లేదా మొక్క దానంతట అదే పసుపెక్కాక, కాండాన్ని 10 సెం.మీ. మిగిల్చి కోయండి. మొదలుకు 20 సెం.మీ. దూరం నుంచి చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తండి. కాండం పట్టి లాగితే మెడలు చిట్లుతాయి. పెద్ద మట్టిని చేత్తో రాల్చండి, నీళ్ళతో కడగకండి. రెండు మూడు రోజులు తలకిందులుగా నీడలో పెడితే బోలు కాండంలోని నీరు కారిపోతుంది. ఆ పైన కొద్దిగా చెమ్మ ఉన్న కోకోపీట్ లేదా వెర్మిక్యులైట్‌లో, దుంపలు కప్పబడి మెడ పైకి ఉండేలా సర్ది, 5 నుంచి 10 డిగ్రీల చీకటి చోట ఉంచండి. డాలియా దుంపల్లా కాగితంలో చుట్టి పొడిగా పెడితే ఇవి నిలవవు. సన్నగా ఉంటాయి కాబట్టి వట్టిపోయి ఎండుపుల్లలవుతాయి. నెలకోసారి చూడండి. ముడతలు కనబడితే కోకోపీట్ మీద కొద్దిగా నీళ్ళు చిలకరించండి. మెత్తబడిన భాగం ఉంటే తెల్లని గట్టి కండ తగిలేదాకా కోసి, శిలీంద్రనాశిని పొడి అద్ది వేరుగా పెట్టండి.

గడ్డకట్టే చలి లేని చోట ఇంత శ్రమ అక్కర్లేదు. కుండీని వాన పడని చోట పక్కకు పడుకోబెట్టి, మూడు నాలుగు వారాలకోసారి ఒక కప్పు నీళ్ళు మాత్రం ఇస్తే చాలు. మొలక కనిపించాకే లేపి, పాత మట్టి మార్చండి.

ప్రశ్న: రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన మొక్కలున్నాయి. చేతితో పరాగ సంపర్కం చేస్తే గింజ వస్తుందా?

జవాబు: అవి రెండూ ఆ పాత మొక్క నకళ్ళే అయితే రాదు. న్యూజిలాండ్‌లో గింజ కట్టే మొక్కలు బయటపడ్డాక, వాటి నుంచి పెరిగినవి కొన్ని చేతులు మారాయి. మీవాటిలో ఒకటి ఆ తరహాది అయితే అవకాశం ఉంది. ప్రయత్నించడానికి ఖర్చేమీ లేదు. చుట్టూ ఉన్న వెడల్పాటి రేకుల పువ్వులు గొడ్డువి, వాటి జోలికి పోకండి. మధ్య బుడిపెలోని చిన్న గొట్టపు పువ్వులే గింజ పెట్టేవి. అవి అంచు నుంచి లోపలికి వరుసగా విచ్చుకుంటాయి. ప్రతిదీ ముందు పుప్పొడిని బయటికి నెడుతుంది, ఆ తరువాతే కీలాగ్రం రెండుగా చీలి స్వీకరించడానికి సిద్ధమవుతుంది. అందుకే ఒక మొక్క పువ్వు నుంచి పుప్పొడిని మెత్తని కుంచెతో తీసి, రెండో మొక్క పువ్వుకు వరసగా మూడు నాలుగు రోజులు అద్దాలి. గింజ కట్టితే నల్లగా, సన్నగా, గట్టిగా ఉంటుంది. లేతరంగులో చదునుగా ఉండి గోటితో నొక్కితే వంగేది తప్పగింజ. మంచి గింజను 5 మి.మీ. లోతున, 20 డిగ్రీల దగ్గర విత్తండి. వచ్చే మొక్కలు రంగులో, ఎత్తులో తేడాగా ఉంటాయి, తల్లినే పోలి ఉండాలని పట్టుబట్టకండి.

ప్రశ్న: ఆకుల మీద పసుపు మచ్చలు, కొత్త ఆకులు మెలిపడి వస్తున్నాయి. ఏ మందు కొట్టాలి?

జవాబు: ముందు ఆకు అడుగున చూడండి. పేనుబంక గుంపులుంటే నీటి ధారతో కడిగి, రెండు రోజుల తరువాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. సన్నని సాలెగూడు, సూదిమొనంత చుక్కలు ఉంటే ఎర్రనల్లి, పొడిగాలిలో వస్తుంది. దానికి ఆకుల అడుగు తడిసేలా వేపనూనెను వారానికోసారి మూడుసార్లు కొట్టాలి. తెల్లటి పొడి పూత అయితే బూడిద తెగులు, అందుకు గాలి ఆడేలా ఎడం పెంచి, ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గరే నీళ్ళు పోస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

ఇవేవీ లేకుండా ఆకుపచ్చ, పసుపు గళ్ళు కలగలిసి, మొక్క గిడసబారితే అది వైరస్. దానికి మందు లేదు. దుంప నుంచి దుంపకు, కోసిన కత్తి నుంచి పక్క మొక్కకు పోతుంది. దుంపలు, కొమ్మలతోనే పెరిగే మొక్కకు ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే గింజ దశ లేదు కాబట్టి తల్లికి పట్టినది ప్రతి పిల్లకూ చేరుతుంది. అటువంటి దాని నుంచి కొమ్మ తీయవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. మట్టితో సహా తీసి కాల్చేయండి, కంపోస్టు గుంతలో వేయవద్దు. ఆ కుండీని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, ఎండలో పెట్టాకే మళ్ళీ వాడండి.